కొత్త బ్యాటరీ వేసినా ఛార్జర్ తీయగానే వైఫై హాట్‌స్పాట్ పరికరం ఆగిపోతోంది: సమాధానం

ముందు బ్యాటరీని కాదు, పరికరంలో బ్యాటరీకి తగిలే పిన్నులను అనుమానించండి. విశాఖ బీచ్‌రోడ్డు దగ్గర ఇల్లని ప్రశ్నలో అన్నారు కదా, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టేస్తాయి.

1. ఛార్జర్, బ్యాటరీ రెండూ తీయండి.

2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో పిన్నులు తుడవండి. అందరూ ప్లస్, మైనస్ తుడిచి మధ్యదాన్ని వదిలేస్తారు. చాలా మోడళ్లలో బ్యాటరీ వేడిని చెప్పేది అదే. అది తగలకపోతే ఛార్జింగే మొదలవదు. అణిగిపోయి ఉంటే టూత్‌పిక్‌తో మెల్లగా పైకి లేపండి. సూది మాత్రం వద్దు, షార్టయితే బోర్డే పోతుంది.

3. బాగా ఆరాక బ్యాటరీ పెట్టి చూడండి.

4. అయినా అంతేనా? పాత బ్యాటరీ మీద 3.8 వోల్టులని రాసి ఉండి కొత్తదాని మీద 3.7 అని ఉంటే వాడకండి, డాబాగార్డెన్స్‌లో కొన్న షాపులోనే మార్పించండి. 3.8 రకం మామూలుగా 4.35 వోల్టుల దాకా ఛార్జవుతుంది, పరికరం కొత్తదాన్నీ అంతదాకా ఛార్జ్ చేయొచ్చు; 3.7 రకం 4.2 దాటితే ఉబ్బే ప్రమాదముంది.