పుస్తెలతాడు దాచుకుని ఇంటర్వ్యూకు వెళ్ళాలా?

ప్రశ్న: మాది కల్వకుర్తి. పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్ళై ఏడు నెలలైంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు కొంచెం ఈడుస్తాను, సదరం సర్టిఫికెట్‌లో 45 శాతం అని ఉంది. జడ్చర్ల వైపు ఒక మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. పోయినసారి ఇంకో కంపెనీలో ‘పిల్లలెప్పుడు?’ అని అడిగారు. ఇంటిపేరు చూసి ‘మీరేమోళ్ళు?’ అన్నారు. ఉద్యోగం రాలేదు. ఈసారి పుస్తెలతాడు, మెట్టెలు తీసేసి, కాలు సంగతి ఎత్తకుండా పొమ్మంటోంది మా అక్క. డైవర్సిటీ, ఇంక్లూజన్ మీద కూడా అడుగుతామని మెయిల్‌లో రాశారు. ఏం చేయాలి సార్?

జవాబు: అమ్మా, పుస్తెలతాడు తీయకండి. మీ అక్క మీ మేలు కోరే చెప్పి ఉంటుంది, కానీ అది మీకే ఎదురు తిరిగే సలహా. అడగని విషయం చెప్పకపోవడం వేరు, అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరు. మొదటిది మీ హక్కు. రెండోది రేపు ‘తప్పుడు సమాచారం ఇచ్చింది’ అంటూ ఉద్యోగం తీసేయడానికి వాళ్ళ చేతికి మీరే కాగితం ఇచ్చినట్టు.

ఇలాంటి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎల్‌ఐసీలో ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్ ప్రసూతి సెలవు పెట్టారు. చేరేటప్పుడు నింపిన ఫారంలో గర్భం సంగతి దాచిందని ఆమెను తీసేశారు. నెలసరి తేదీలు, గర్భాల వివరాలు కూడా అడిగిన ఫారం అది. ఏ ఆడమనిషైనా సిగ్గుతో తలవంచుకునే ప్రశ్నలని, ఆ గడులు తీసేయాలని 1991లో కోర్టు చెప్పింది, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకొమ్మంది. ఆమె గెలిచారు, నిజమే. కానీ ఉద్యోగం కోసం సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. మీకు ఆ తిప్పలు వద్దు.

‘పిల్లలెప్పుడు?’ అని ప్రైవేటు కంపెనీ అడగకూడదని నేరుగా చెప్పే సెక్షను లేదు. అయితే ఒకే రకం పనికి మనుషులను తీసుకునేటప్పుడు ఆడా మగా అని తేడా చూపకూడదని కొత్త కార్మిక చట్టం, వేతనాల కోడ్ చెబుతోంది. 1976 నాటి సమాన వేతన చట్టంలోనూ ఈ మాట ఉండేది. కొత్త కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పక్కన కూర్చున్న అబ్బాయిని అడగని ప్రశ్న మిమ్మల్ని అడిగి, దాన్ని బట్టే మిమ్మల్ని వద్దన్నారని తేలితే అది వివక్షే. తేల్చడమే కష్టం, ఆ మాట దాచను. అందుకే ఇంటికొచ్చిన సాయంత్రమే ఎవరు, ఏ మాటల్లో అడిగారో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. మెయిళ్ళు చెరపకండి. అక్కడ అడిగితే మాత్రం టెన్షన్ పడకుండా ‘అది మా ఇంటి విషయం సార్, షిఫ్టుకు టైముకు వస్తాను, పని విషయంలో ఇబ్బంది రానివ్వను’ అనండి. అంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు.

కాలు సంగతి చెప్పండి. నడిచి లోపలికి వెళ్ళగానే కనబడేదే కదా, మీరే ముందు చెబితే మాట మీ చేతిలో ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, ఆపైన ఉంటే ప్రత్యేక రక్షణలు ఉన్నాయి, మీకు 45 ఉంది. ఉద్యోగ రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకే, ఇక్కడ దాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ సమాన అవకాశాల విధానం ప్రైవేటు కంపెనీకీ ఉండాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట వికలాంగులకు ఏ సౌకర్యాలు ఇస్తారు, ఎలా ఎంపిక చేస్తారు అన్నది అందులో రాయాలి. దాన్ని వెబ్‌సైట్‌లోనో, నలుగురికీ కనబడే చోటో పెట్టాలి. ఇంటర్వ్యూకు ముందురోజే వెతికి చదవండి. ‘మీ పాలసీ చదివాను సార్. ల్యాబ్ బల్ల దగ్గర ఎత్తు స్టూలు ఒకటి ఉంటే ఎనిమిది గంటలూ నాకు ఇబ్బంది లేదు’ అని చెప్పగలగాలి. జాలి పడమని కాదు, పనికి కావాల్సిన పనిముట్టు అడుగుతున్నారు.

కులం ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు కాబట్టి వాళ్ళకు దాంతో పనీ లేదు. అడగడం ఒక్కటే అట్రాసిటీ కేసు అవ్వదు. మీరు ఎస్సీ, ఎస్టీ అయి ఉండి, నలుగురి ఎదుట కులం పేరుతో కించపరిస్తే అది 1989 చట్టం కింద నేరం, పోలీస్ స్టేషన్‌కు వెళ్ళొచ్చు.

ఇక డైవర్సిటీ, ఇంక్లూజన్. నిర్వచనాలు బట్టీ పట్టకండి. కంపెనీ షిఫ్టు బస్సును మనసులో పెట్టుకోండి. అందులో కల్వకుర్తి నుంచి ఆడపిల్లలు, తండాల పిల్లలు, మీలాంటి కాలు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎక్కితే డైవర్సిటీ. ఆ బస్సు మెట్టు మీ కాలికి అందడం, రాత్రి షిఫ్టు దిగినవాళ్ళను ఇంటి దాకా దింపడం, ల్యాబ్‌లో శుభ్రమైన బాత్‌రూం ఉండడం, మీటింగులో మీ మాట కూడా వినడం, ఇవి ఇంక్లూజన్. మొదటిది రికార్డుల్లో అంకెలతో చూపించేయొచ్చు. రెండోది పనిలో చేరాక గానీ తెలియదు, నేను ఎక్కువ విలువిచ్చేది దానికే. యూనివర్సిటీ ల్యాబ్‌లో మీకెవరు ఎలా సాయపడ్డారో, మీరెవరికి చోటిచ్చారో ఒక సంగతి చెబితే పది నిర్వచనాల పెట్టు.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే మౌనంగా లేచి రాకండి. రాత్రి షిఫ్టుకు మహిళల సమ్మతి తప్పనిసరి, భద్రత ఏర్పాట్లు యాజమాన్యానివే. వాహనం ఉందా అని అడగండి. పదిమంది, ఆపైన పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దాన్ని ఏర్పాటు చేసిన ఉత్తర్వు అందరికీ కనబడేలా అంటించాలి. లోపలికి వెళ్తూ నోటీసు బోర్డు మీద చూడండి. ఉద్యోగిని కాకపోయినా, ఇంటర్వ్యూకు వచ్చిన మీతో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఆ కమిటీకే మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చని 2013 చట్టం చెబుతోంది.

వైకల్యం కారణంగానే కాదన్నారనిపిస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు ఫీజు గురించి వెనకాడకండి. మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇంకొకటి, సదరం సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది ఉన్నాయేమో ఇవాళే చూసుకోండి. తేడా ఉంటే పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్ ఫైల్‌లో పెట్టుకుని వెళ్ళండి.