కత్తి పిడికి బిళ్ళలు కూర్చడం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. కమ్మరి దగ్గర చేయించిన కూరల కత్తికి జిట్టేగి (రోజ్‌వుడ్) కర్ర పిడి వేసి, పిడి ముందు భాగంలో ఇత్తడి, గేదె కొమ్ము బిళ్ళలు వరుసగా కూర్చి మీ అమ్మకు ఇవ్వాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందని అడిగావు. ఆ మాట చివరలో చెబుతాను. ముందుగా తెలుసుకోవలసింది వేరే ఉంది. మీరు స్పేసర్లని పిలుస్తున్న ఆ బిళ్ళలు చూసేవారికి అలంకారం, చేసేవాడికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో అతుకు. మూడు బిళ్ళలు పెడితే కత్తి భుజం (కోసే అలుగు ముగిసి, పిడిలోకి దిగే సన్నని ఇనుప తోక మొదలయ్యే చోటు) నుంచి కర్ర దాకా నాలుగు అతుకులవుతాయి. వంటింట్లో రోజుకు పదిసార్లు తడిసే కత్తికి అందులో ఏ ఒక్కటి సందిచ్చినా నీళ్ళు లోపలికి దిగి, కనబడని చోట తోకను తుప్పు తినేస్తుంది.

ముప్పై ఏళ్ళ కిందట నేను వేప కర్రతో ఇలాంటి పిడి ఒకటి చేశాను. చెట్టు కొట్టి రెండు నెలలైనా కాలేదు, అప్పుడు వానలు పడుతున్నాయి. చేసిన రోజున ఇత్తడి ఎక్కడ ముగిసి కర్ర ఎక్కడ మొదలైందో వేలికి తెలియనంత నునుపుగా కుదిరింది. ఎండాకాలం వచ్చేసరికి కర్ర ముడుచుకుపోయి ఇత్తడి అంచు గోటికి తగిలేంత పైకి నిలిచింది. కూరలు తరుగుతుంటే మీ అత్తయ్య బొటనవేలి మొదట్లో చర్మం గీరుకుపోయింది. కర్ర పొడవునా దాదాపు మారదు గాని, అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇత్తడి అలా మారదు. అందుచేత బాగా ఆరిన చేవ (చెట్టు నడిమి గట్టి కర్ర) తప్ప మరేదీ వాడవద్దు. కొన్న ముక్కను పిడి కన్నా కాస్త పెద్దదిగా కోసి, నీడన ఉంచి, వారానికొకసారి వంటింటి తక్కెడలో తూచి చూడు. బరువు తగ్గడం ఆగిన తరువాతే పని మొదలుపెట్టు.

పాత మంచపు కోడు ఏదైనా దొరికితే అంతకన్నా మంచి కర్ర ఉండదు. అది ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఆరి ఉంటుంది. జిట్టేగి దొరకకపోతే నల్లతుమ్మ చేవ, చింత చేవ కూడా గట్టివే. బొమ్మలు చేసే పొణికి, అంకుడు కర్రలు తేలికవి, పిడికి నిలవవు. ఎవరైనా ఎర్రచందనం ముక్క తెచ్చిపెడతామంటే, అటవీశాఖ అనుమతి కాగితాలు లేనిదే ముట్టుకోకు.

ఇక బిళ్ళల సంగతి. ఇత్తడి రేకు ఒక మిల్లీమీటరు, కొమ్ము ముక్క నాలుగు మిల్లీమీటర్లు ఉంటే చాలు. మందపాటి గాజు పలక మీద గరుకు కాగితం అంటించి, బిళ్ళను దాని మీద బోర్లించి, వేళ్ళు అంచుల మీద కాకుండా నడిమిన ఆనించి రుద్దు. అంచు మీద ఒత్తితే బిళ్ళ అంచులు అరిగి గుండ్రమైపోతాయి. కొత్తవారందరూ చేసే తప్పిదం ఇదే. రుద్దిన రెండు ముఖాలనూ కలిపి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడు. వెంట్రుకవాసి వెలుతురు కనబడినా మళ్ళీ రుద్దవలసిందే. జిగురు ఆ సందును నింపుతుందని కొందరంటారు. నింపుతుంది నిజమే, కాని ఎప్పటికీ చెరగని గీతలా పైకి కనబడుతూనే ఉంటుంది.

తోక దిగే గాడికి వరుసగా మూడు చిన్న రంధ్రాలు వేసి, సన్నని ఆకురాయితో వాటిని కలుపు. తోకకు దీపపు మసి పూసి బిళ్ళను దించి చూస్తే, మసి అంటిన చోటే ఇంకా అరగదీయవలసి ఉందని తెలుస్తుంది. కత్తిని ఆనుకునే మొదటి బిళ్ళ ఒక్కటే ఇంత బిగువుగా కూర్చోవాలి. వెనుకవాటి గాడి కొంచెం వదులుగా ఉన్నా నష్టం లేదు, ఆ ఖాళీలో జిగురు నిండుతుంది. మన కమ్మరులు తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దించుతారు గాని, బిళ్ళలున్న పిడికి ఆ పద్ధతి పనికిరాదు; వేడికి కొమ్ము వంకరపోతుంది, అలుగు పదును కూడా దెబ్బతింటుంది.

అతికించే ముందు అలుగుకు గుడ్డ చుట్టి టేపు వేయి. ఇత్తడి ముఖాలను గరుకు చేసి, పైకి కనబడని చోట రెండు మూడు చిన్న చిల్లులు పెడితే జిగురుకు పట్టు దొరుకుతుంది. ఆ తరువాత జిడ్డు తీసే అసిటోన్‌తో తుడిచి, ఇక వేలితో ముట్టుకోకు. జిట్టేగిలో నూనె ఉంటుంది కనుక దాని ముఖాన్ని కూడా తుడవాలి. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎరాల్డైట్ జిగురు వద్దు, నిదానంగా పట్టేదే తెచ్చుకో. శక్తి కొద్దీ బిగించవద్దు, అలా చేస్తే జిగురంతా బయటికి కారి అతుకు పొడిబారిపోతుంది. ఒక పూర్తి రోజు కదపకుండా వదిలెయ్యి.

పిడిని నునుపు చేసేటప్పుడు గరుకు కాగితం వెనుక గట్టి చెక్క ఉండాలి. ఉత్త వేళ్ళతో రుద్దితే కర్ర త్వరగా, ఇత్తడి నిదానంగా అరిగి, మెట్లు మెట్లుగా తయారవుతుంది. ఇత్తడి చేతికి వేడిగా తగిలితే అక్కడే ఆపు, వేడికి జిగురు మెత్తబడుతుంది. కొమ్ము పొడి, జిట్టేగి పొడి ఊపిరితిత్తులకు మంచివి కావు. ముక్కుకు మాస్కు లేకుండా బాల్కనీలోనైనా కూర్చోకు. చివరగా అవిసె నూనె పలచగా పూసి తుడిచి, రెండేసి రోజులు ఆరనిస్తూ మూడు నాలుగు సార్లు పట్టించు. నూనె గుడ్డలను ఉండచుట్టి పడెయ్యకు, వాటంతటవే నిప్పు అంటుకోవచ్చు, పరిచి ఆరబెట్టు.

రంగుల మాటంటావా, ముదురు జిట్టేగి పక్కన నల్లటి కొమ్ము పెడితే రెండూ కలిసిపోతాయి. నడుమ ఇత్తడి ఉంటేనే దేనికది తెలుస్తుంది. కాబట్టి ఇత్తడి, కొమ్ము, ఇత్తడి, ఆ వెనుక కర్ర. ఈ మూడు బిళ్ళలు చాలు. పిడి లావు మాత్రం నీ చేతితో చూసుకోకు. చపాతీ పిండి ముద్దను మీ అమ్మ చేత కత్తి పట్టినట్టు పిసికించి, ఆ వేళ్ళ గుర్తుల కొలత తీసుకో.

జిగురు కలపడానికి ముందు అన్నిటినీ తోక మీద ఒట్టిగా పేర్చి, కిటికీకి ఎదురుగా పట్టుకుని ఒక ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి సరేనన్న తరువాతే జిగురు మూత తియ్యి.

ఆశీస్సులతో,
మీ మామయ్య