దిండు వల్లే మోకాలు బిగుసుకుంది

అన్నా, షుగర్‌తో మోకాలి కింద కాలు తీసేసిన మీ నాయనకు ఆరు వారాలకే మోకాలు చాపడం రావట్లేదన్నారు. ముందు దాని కింద పెట్టే దిండు తీసేయండి. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుంటే రేపు కృత్రిమ కాలు పెట్టినా సరిగ్గా నిలబడలేరు. నులక మంచమూ వద్దు, మధ్యలో గుంత పడుతుంది. బల్ల మంచం వేయండి. రోజుకు మూడుసార్లు బోర్లా పడుకోబెట్టండి, పది నిమిషాలతో మొదలుపెట్టి ఇరవై దాకా. ఆయాసం వస్తే వెల్లకిలా పడుకుని మోకాలిని పరుపుకేసి అదిమి 5 లెక్కపెట్టాలి, అట్లా పదిసార్లు.

తీసేయగా మిగిలిన కాలికి క్రేప్ బ్యాండేజీ (సాగే పట్టీ) గుండ్రంగా చుడితే తాడు బిగించినట్టయి కాలి కొన ఉబ్బుతుంది. ఎనిమిది అంకెలా ఏటవాలుగా, కొన దగ్గర బిగువుగా, పైకి వదులుగా కట్టి, నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టండి. అనంతపురం ఎండకు చెమట ఊరకే ఉండదు. పుండు పూర్తిగా మానాక ఆ కాలిని రోజూ రాత్రి సబ్బుతో కడిగి తడి లేకుండా తుడవండి. రెండో పాదం వేళ్ల సందులు కూడా అప్పుడే చూడండి.