విచారణ నడుస్తుండగా వీడ్కోలు

ప్రశ్న: మాస్టారూ, నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్తాను. పాలకమండలి నిర్ణయాన్ని బయట సభలో విమర్శించానని షోకాజ్ ఇచ్చి, ఆపైన సస్పెండ్ చేశారు. విచారణ ఇంకా మొదలవలేదు. ఉద్యోగం నిలిచినా, పోయినా ఇప్పటి పిల్లలకి మళ్లీ పాఠం చెప్పే అవకాశం లేదు. ఈ పరీక్షలతో వాళ్ల చదువు అయిపోతుంది. వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. జరిగిందంతా అందులో ఉంది. పెట్టమంటారా? నా తరఫున సంతకాలు సేకరిస్తామని కూడా అంటున్నారు.
– ఒక లెక్చరర్

జవాబు: ఉత్తరం రాయండి. ఆ నాలుగు పేజీలు మాత్రం పెట్టకండి.

విచారణ సంఘాల్లో బల్లకి అవతలివైపు చాలాసార్లు కూర్చున్నవాణ్ణి. ఇలాంటి ఉత్తరం పిల్లల చేతికి చేరితే, దాని నకలు ఒకటి తప్పకుండా మా ఫైల్లోకి వచ్చేది. కావలసిన రెండు వాక్యాల కింద ఎర్ర సిరా గీత ఉండేది. పైనా కిందా ఉన్న ఆప్యాయత ఎవరికీ పట్టేది కాదు. ‘నిజం ఏదో ఒకరోజు బయటపడుతుంది’ అని ఒకాయన పిల్లలకి ధైర్యం చెప్పబోతే, అధికారుల్ని బెదిరించారని ఇంకో అభియోగం తగిలించారు. నవ్వొస్తుంది గానీ, పాపం దానికీ ఆయన విడిగా వివరణ రాసుకున్నాడు.

చరిత్ర చెప్పేవారు, గోటింగెన్ ఏడుగురి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1837లో జర్మన్ రాజ్యమైన హానోవర్ రాజు 1833 నాటి రాజ్యాంగాన్ని రద్దు చేస్తే, గోటింగెన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్లు ఏడుగురు నిరసన పత్రం రాశారు. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులిద్దరూ అందులో ఉన్నారు. విద్యార్థులు ఆ పత్రానికి ప్రతులు రాసి ఊరు దాటించేశారు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి. పత్రాన్ని బయటికి పంపారన్న కారణంతో యాకోబ్ గ్రిమ్, డాల్మన్, గెర్వినుస్‌లను అదనంగా మూడు రోజుల్లో రాజ్యం విడిచిపొమ్మన్నారు. విద్యార్థులు సరిహద్దు అవతల విట్సెన్‌హౌజెన్ దాకా వెంట వెళ్లి సాగనంపారు. అంతకంటే గొప్ప వీడ్కోలు ఏ గురువుకి దక్కుతుంది? అయినా లెక్క చూడండి: సంతకం పెట్టినవాళ్లు ఏడుగురు, దేశం దాటవలసి వచ్చింది పంచారన్న పేరు పడ్డ ముగ్గురికి.

మరి ఏం రాయాలంటారా? చదువు ముగించి వెళ్లే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు చెప్పే ‘సత్యం వద, ధర్మం చర’ అందరికీ నోటికొచ్చు. కొంచెం కింద ఇంకో మాట ఉంది: మాలో మంచి నడవడి ఏదుందో అదే పట్టుకో, తక్కినది వద్దు అంటాడు. సన్మాన సభల్లో ఆ ముక్క ఎవరూ చదవరెందుకో! మీ పరిస్థితిలో చెప్పదగ్గ మాట అదేనని నాకనిపిస్తుంది. తప్పెవరిదో నేను తేల్చలేను, ఒకవైపే విన్నాను. మీ పిల్లలూ అంతే. అందుకని కేసు ఊసు ఎత్తకండి. సిలబస్ ఎక్కడ ఆగిందో, మిగతా యూనిట్లకి ఏం చదవాలో చెప్పండి. వాళ్లలో ఎవరో అడిగిన ప్రశ్న మిమ్మల్ని రాత్రంతా ఆలోచింపజేసి ఉంటే, అదీ రాయండి. పేజీ దాటనివ్వకండి. విద్యార్థులతో మాట్లాడకూడదని సస్పెన్షన్ ఉత్తర్వులో షరతు ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే శాఖాధిపతి ద్వారా పంపండి. ఆయన ఆపేస్తే ఊరుకోండి.

సంతకాలు వద్దని గట్టిగా చెప్పండి. చివరి ఏడాది పిల్లలు, వాళ్ల మార్కులూ ప్రాజెక్టులూ ఇంకా ఆ భవనంలోనే ఉన్నాయి. సాక్ష్యం చెప్పదలచినవాళ్లు విచారణాధికారి పిలిచినప్పుడు చెప్తారు. ఏం చెప్పాలో మీరు నేర్పకండి. దిద్దిన పేపర్లు, ఇంటర్నల్ మార్కుల జాబితా మీ దగ్గరుంటే వెంటనే అప్పగించి రసీదు తీసుకోండి. రికమండేషన్ లెటర్లు అడిగితే కాదనకండి. తెల్లకాగితం మీద సొంత పేరుతో రాసివ్వండి, లెటర్‌హెడ్ జోలికి పోవద్దు.