బూజు మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

నంద్యాల జిల్లా నుంచి ఒక తండ్రి: మాది శనగ పండించే కుటుంబం. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉంది. శిలీంధ్రాలతో, అంటే బూజులతో, జింక్ ఆక్సైడ్ నానో కణాలు (కంటికి కనబడనంత చిన్న కణాలు) తయారుచేసే పరిశోధనలోకి వెళ్తానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. దీన్ని నమ్ముకోవచ్చా?

జవాబు: ఈ విషయం మీకు అంత దూరమేమీ కాదండీ. శనగ చేలో ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు ఆ జాతి శిలీంధ్రంతోనే టైటానియా (టైటానియం ఆక్సైడ్), మాగ్నటైట్ (ఒక ఐరన్ ఆక్సైడ్) నానో కణాలు తయారుచేశారు. 2006లో దాంతోనే వరి ఊక నుంచి సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కణాలు కూడా తీశారు. పొలంలో మనల్ని ముంచేది ల్యాబ్‌లో ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే ల్యాబ్‌లో పెంచిన అలాంటి శిలీంధ్రాన్ని అమ్మాయి పొరపాటున కూడా పొలం వైపు తేకూడదు.

పని ఇలా ఉంటుంది. బంగాళాదుంప రసం, గ్లూకోజ్ కలిపిన ఫ్లాస్కులో బూజును పెంచుతారు. దూది ముద్దలా పెరిగాక వడకట్టి, కడిగి, రెండు మూడు రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచుతారు. బూజు ప్రోటీన్లను ఆ నీటిలోకి వదులుతుంది. మళ్లీ వడకట్టి ఆ నీటికి జింక్ లవణం కలిపితే తెల్లటి పొడి అడుగున చేరుతుంది. ప్రోటీన్లే పూతలా పట్టుకుని, కణాలు ముద్దకట్టకుండా చూస్తాయి. చిక్కల్లా ఒకటే: ఈ నెల వచ్చిన సైజు వచ్చే నెల రాకపోవచ్చు. చాలామంది ఒకసారి చేసి, ఫోటోలు తీసి, పేపరు రాసి ఆపేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ఈ పేరుతో నేరుగా ఉద్యోగ ప్రకటనలు కనబడవు. అందుకే పేరులో 'నానో' ఉందని ఏ కోర్సులోనూ చేర్చకండి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ గానీ బయోటెక్నాలజీ గానీ చేయనివ్వండి, కెమిస్ట్రీ మాత్రం వదలొద్దనండి. వాటిలో చేరడానికి సీయూఈటీ-పీజీ, గాట్-బి అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. బూజును పెంచడం బాగా వస్తే ఫార్మా ఫెర్మెంటేషన్, ట్రైకోడెర్మా వంటి జీవ శిలీంధ్రనాశినుల యూనిట్లలో పని దొరుకుతుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (కణాల లోపలి అమరికను చూపే పరీక్ష), ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫలితాలు సొంతంగా చదవగలిగితే మెటీరియల్స్ ల్యాబ్‌ల దారీ తెరుచుకుంటుంది. ఈ రెండూ వచ్చినవాళ్లు తక్కువ, కాబట్టి ఎమ్మెస్సీలో చేరేముందు ఆ పరికరాలు విద్యార్థుల చేతికి ఇస్తారా అని సీనియర్లను అడగండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే, పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. ఇంటి మీద భారం పడదు.

ప్రస్తుతానికి కాలేజీ ప్రాజెక్టులో ఏదైనా హాని లేని బూజును ఒకే పద్ధతిలో మూడుసార్లు పెంచి, మూడుసార్లూ ఒకే రకం పొడి వస్తుందేమో చూడమనండి. రాకపోతే, ఎందుకు రాలేదని ఆమే వెతుకుతుంటే నిశ్చింతగా పరిశోధనకు పంపండి.