మౌనికా, చిగురును నమ్మకు

చిరంజీవి మౌనికకు పెద్దమ్మ దీవెనలు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, నీ మందారం చెట్టుకు మూడింది, మౌనిక కత్తెర పట్టుకుని వస్తోంది" అని ఒకటే నవ్వు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు స్టీలు డబ్బాలు కాకుండా నువ్వే పెంచిన మందారం మొక్కలు ఇస్తావట, అరవై! గుండె ఉప్పొంగింది బిడ్డా, అబద్ధం ఎందుకు చెప్పాలి. మీ అమ్మమ్మ భువనగిరి నుంచి తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కొమ్మ అది. ఆ ఒంటిరెక్క ఎర్రమందారం అరవై ఇళ్లకు వెళ్తుందంటే పైన ఆవిడ ఎంత మురిసిపోతుందో. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఇప్పుడు రెండైంది, కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో ఒక్కో అక్షరం నొక్కుతున్నా. తప్పులుంటే సర్దుకో.

సులువైనవి ముందే చెప్పేస్తా. పెన్సిల్ లావున్న కొమ్మ, మరీ లేతగానూ వద్దు మరీ చేవ ఎక్కిందీ వద్దు, అరడుగు పొడవు, మూడు నాలుగు కణుపులుండాలి. కింది కోత కణుపుకు కాస్త కింద ఏటవాలుగా, పై కోత అడ్డంగా. ఇది అందం కోసం కాదు, ఆకులు తీసేశాక ఏది తలో ఏది కాలో తెలియక తలకిందులుగా గుచ్చేవాళ్లను చూశాను. పైన రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించు. మొగ్గలుంటే తుంచేయి, జాలి పడకు. ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం, ఎరువు అస్సలు వద్దు. రూటింగ్ పౌడర్ దొరికితే అద్దు, లేకపోయినా మందారం వస్తుంది. యూట్యూబ్‌లో తేనె, దాల్చినచెక్క, కలబంద అని ఏవేవో చెప్తుంటారు, నేనైతే వాడను. ఇంతే, ఇది ఎవరైనా చెప్తారు.

ఇక నా భయం సంగతి. నువ్వు నవ్వుకున్నా సరే, చివరిదాకా చదువు.

1993లో మేం ముషీరాబాద్‌లో అద్దెకున్నప్పుడు మా ఆడబిడ్డకు శ్రీమంతం చేశాం. నాకూ నీకు వచ్చిన ఆలోచనే వచ్చింది చూడు, మన రక్తంలోనే ఉన్నట్టుంది. పేరంటానికి వచ్చే ముత్తైదువలకు పసుపు కుంకుమతో పాటు తలా ఒక మందారం మొక్క ఇద్దామని నెల ముందే పదకొండు కొమ్మలు పాల కవర్లలో గుచ్చాను. మూడు వారాలకు ఒక్కో కొమ్మకు రెండేసి చిగుళ్లు, పచ్చగా, మెరుస్తూ! వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాను, మీ పెద్దనాన్నను రోజూ పొద్దున్నే లాక్కెళ్లి చూపించేదాన్ని. శ్రీమంతానికి రెండు రోజుల ముందు వాటిని తీసి ఎరువు కలిపిన మట్టిలో, మంచి కుండీల్లో పెట్టి, ఎండ తగలాలని డాబా మీద వరసగా పేర్చాను. అందరూ నా చేతివాసిని మెచ్చుకుంటూ ఇంటికి పట్టుకెళ్లారు.

వారం తిరగలేదు, ఒక్కటి మిగల్లేదు. పదకొండూ వాడి, నల్లబడి చచ్చిపోయాయి. ఎవరూ పెద్దగా అనలేదు గానీ మా ఆడబిడ్డ అత్తగారు మాత్రం "కడుపుతో ఉన్న పిల్ల పేరు చెప్పి ఇచ్చిన మొక్క ఎండిపోయిందేమిటమ్మా" అంది. ఆ ఒక్క మాట చాలు. కాన్పయ్యేదాకా, రెండు నెలలు, నేను అన్నం సరిగ్గా తిన్నదాన్ని కాదు. ఫోన్ మోగితే ఒళ్లు వణికేది. (ఆ కడుపులో ఉన్నవాడు ఇప్పుడు ఆరడుగులున్నాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం, పెళ్లి చేసుకోరా అంటే ఫోన్ పెట్టేస్తాడు. అది వేరే కథ.)

తర్వాత ఎండిన కొమ్మనొకదాన్ని పీకి చూశాను. అడుగున కోసిన చోట తెల్లటి బుడిపె కట్టింది, అంతే, ఒక్క పోగు వేరు లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లో పనిచేసే ఒక ముసలి మాలీకి చూపిస్తే "పత్తా దేఖ్‌కే ఖుష్ నక్కో హో అమ్మా" అన్నాడు. ఆకు చూసి మురిసిపోవద్దు అని. కొమ్మలో దాచుకున్న బలం ఉంటుంది కదా, తొలి చిగురు దానితోనే వస్తుంది, వేరుతో పనిలేదు. కానీ ఆకులు వచ్చినకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, కింద తాగడానికి నోరు లేదు. అలాంటిదాన్ని కదిపి ఎండలో పెట్టానంటే నేనే గొంతు నులిమినట్టు కదా.

అందుకని నువ్వు చిగురును లెక్కపెట్టకు, వేరును చూడు. అలాగని రోజూ పీకి చూడకు, వేళ్లు దారాల్లా ఉంటాయి, తెగిపోతాయి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చి, అడుగున చిల్లులు పెట్టి, ఒక్కో గ్లాసులో ఒక్కో కొమ్మ గుచ్చు. దాన్ని ఇంకో రంగు గ్లాసులో దింపు, వేళ్లకు వెలుతురు గిట్టదు. వారానికోసారి పైకెత్తి చూస్తే చాలు. వేళ్లు గోడ చుట్టూ తిరగడం కనిపించాకే మట్టిలోకి మార్చు, ఆ తర్వాత కూడా వారం పది రోజులు నీడలోనే.

ఇప్పుడు లెక్క వెయ్యి. వేరు పట్టడానికి నెలా, రెండు నెలలు. మట్టిలో కుదురుకోవడానికి ఇంకో నెల. మనం జ్యేష్ఠంలో ఉన్నాం, నీ ముహూర్తం శ్రావణంలో. ఎక్కడ సరిపోతుంది చెప్పు? ముహూర్తం రోజు స్టీలు డబ్బాలే ఇచ్చెయ్యి, నామోషీ ఏమీ లేదు. మొక్కలు కార్తీకంలో, బతికాయని తేలాక, ఒక్కో ఇంటికీ నువ్వే పట్టుకెళ్లి ఇవ్వు. గృహప్రవేశం పేరు చెప్పి ఇచ్చిన మొక్క ఎండిపోతే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు బిడ్డా. నీకు అలాంటి పట్టింపుల్లేవని తెలుసు. నాకున్నాయి.

ఇంకోటి, అరవై కావాలంటే నూరు గుచ్చాలి. నూరు కొమ్మలు ఒకేసారి కోస్తే నా చెట్టుకు గుండు కొట్టించినట్టే, నేనొప్పుకోను. ఈ వారం నలభై, చెట్టు మళ్లీ చిగిర్చాక మిగతావి. నర్సరీలో పెద్ద పువ్వుల హైబ్రిడ్ కొని దాని కొమ్మలతో సరిపెడదామనుకోకు, అవి ఇంత తేలిగ్గా రావు, వాటికి అంటు కడతారు.

గ్లాసులన్నీ యుటిలిటీలో పెట్టు, వాషింగ్ మెషిన్ పక్కన వెలుతురుంటుంది, ఎండ పడదు. బాల్కనీ రెయిలింగ్ మీద మాత్రం ఒక్కటి కూడా పెట్టకు. తొమ్మిదో అంతస్తు, వానకు ముందు వచ్చే గాలి సంగతి నీకు తెలియదు, కింద పిల్లలు ఆడుకుంటుంటారు. ఈ మాట పది సార్లు చెప్పాలని ఉంది, ఒకసారే చెప్తున్నా. ప్లేట్లలో నీళ్లు నిలవనీయకు, డెంగీ రోజులు. ఆర్వోలోంచి పారే నీళ్లు వృథా ఎందుకని పోస్తావేమో, వద్దు, దాంట్లో ఉప్పంతా పోగై ఉంటుంది. చీమలు కొమ్మ ఎక్కుతున్నాయంటే ఆకు వెనక పిండినల్లి ఉందేమో చూడు, సబ్బు నీళ్లతో తుడిచెయ్యి. లేకపోతే మొక్కతో పాటు అరవై ఇళ్లకు దాన్నీ పంచినదానివవుతావు.

చిన్నప్పుడు ఇదే చెట్టు ఆకులు నలిచి, జిగురు తీసి నీ తలకు రుద్దేదాన్ని, కళ్లలో పడిందని వీధంతా వినపడేలా ఏడ్చేదానివి. అదే పిల్ల ఇప్పుడు సొంతింట్లోకి వెళ్తోంది.

ఆదివారం పొద్దున్న ఏడులోపే రా, ఎండెక్కాక కోస్తే కొమ్మ సగం వాడిపోయే ఉంటుంది. రెండు పాత తువ్వాళ్లు తెచ్చుకో, తడిపి చుట్టి ఇస్తా. కత్తెరకు సాన పట్టించి ఉంచుతా. అన్నట్టు, పోయినేడు ఆవకాయ పట్టుకెళ్లిన జాడీ ఇంకా నీ దగ్గరే ఉంది, ఖాళీ అయితే అదీ తీసుకురా.