బ్యాంకు పరీక్షకు కొత్తగా కూర్చుంటున్న మేనకోడలికి

విజయనగరం

చి. సుజాతకు మావయ్య ఆశీస్సులు.

డిగ్రీ అయిపోయిందనీ, బ్యాంకు పరీక్షలు రాస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసింది. నంద్యాల కోచింగ్‌కి పంపమంటావా అని అడిగింది. ఇప్పుడే వద్దన్నాను. అక్కడ బాగానే చెబుతారు. కానీ ఎక్కాలు రాకుండా వెళ్తే మొదటి నెలంతా పక్కవాళ్ళ వేగం చూసి బెంగపెట్టుకోవడానికే సరిపోతుంది. రెండు నెలలు రాజాంలోనే కూర్చుని చేయి తిప్పుకో. తర్వాత చూద్దాం.

ముందు ఏ పరీక్షో తేల్చుకోవాలి. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తనే పెట్టుకుంటుంది. మిగతా 11 ప్రభుత్వ బ్యాంకులకూ, గ్రామీణ బ్యాంకులకూ ఐబీపీఎస్ అనే సంస్థ పెడుతుంది. నువ్వు మొదట గురిపెట్టాల్సింది గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, ఇంగ్లీషు లేదు. తర్కాన్ని పరీక్షించే రీజనింగ్ 40, లెక్కలు 40, మొత్తం 80 ప్రశ్నలకు 45 నిమిషాలు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. రెండో దశ అయిన మెయిన్స్‌లో మాత్రం ఇంగ్లీషో హిందీయో ఒకటి రాయక తప్పదు కాబట్టి ఇంగ్లీషు పూర్తిగా మూలన పడేయకు. 2025 మే 1 నుంచి మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. రాష్ట్రమంతా ఒకటే బ్యాంకు గనుక రాజాం పక్కనే పోస్టింగ్ పడుతుందని లెక్కలు వేసుకోకు.

దాంతోపాటు ఆ 11 బ్యాంకుల క్లర్క్ పరీక్ష కూడా రాయి. అందులో ప్రిలిమ్స్‌కి 100 ప్రశ్నలు: ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కో భాగానికి 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలూ అయ్యేదాకా పక్క భాగంలోకి పోలేవు, అయ్యాక వెనక్కి రాలేవు. క్లర్క్‌కైనా, ఆఫీస్ అసిస్టెంట్‌కైనా ప్రిలిమ్స్ మార్కులు గడప దాటడానికే. ఉద్యోగం తేలేది మెయిన్స్ మార్కులతో. ఇంటర్వ్యూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు తెలియక ఓడిపోయేది తక్కువ, వదలలేక ఓడిపోయేది ఎక్కువ. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. 90 ప్రశ్నలు పెట్టి 60 కరెక్ట్, 30 తప్పు అనుకో: 60లోంచి ఏడున్నర పోయి 52.5. ఇంకొకరు 70 మాత్రమే పెట్టారు, 58 కరెక్ట్, 12 తప్పు: 58లోంచి 3 పోయి 55. ఇరవై ప్రశ్నలు తక్కువ ముట్టుకున్నవాళ్ళే ముందున్నారు. గుడ్డిగా కొట్టడం సంగతి కూడా చెబుతాను. ఐదు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఐదు ప్రశ్నలు పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుతాయి. ఒక మార్కు వచ్చి ఒక మార్కు పోయింది. లాభం సున్నా, టైము దండగ. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే మాత్రం మిగిలిన మూడింట్లో ఒకటి పెట్టడం లాభమే.

లెక్కలు. పొద్దున్నే 20 నిమిషాలు కాగితం మీద ఎక్కాలు, వర్గాలు రాయి. 25 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు. చదవడం కాదు, రాయడం. భిన్నాలూ శాతాలూ కలిపి పట్టుకో: 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 37.5 అంటే మూడు ఎనిమిదో వంతులు, 62.5 ఐదు, 87.5 ఏడు. 648లో 37.5 శాతం ఎంత అంటే దశాంశాలతో గుణించుకుంటూ కూర్చుంటే నిమిషం పోతుంది. 648ని 8తో భాగించు, 81. మూడింతలు, 243. పది సెకన్లు. 50కి దగ్గరున్న సంఖ్యల వర్గాలు కూడా అంతే. 47 అంటే 50కి 3 తక్కువ. 25లోంచి 3 తీస్తే 22, పక్కన 3 వర్గం 09. జవాబు 2209. ఉజ్జాయింపు లెక్కల్లో 799లో 24.98 శాతం, దానికి 15.02 వర్గం కలపమంటారు. 800లో పావు 200, 15 వర్గం 225, జవాబు 425. అక్కడ దశాంశాలు ముట్టుకున్నావంటే వాళ్ళు పన్నిన వలలో పడ్డట్టే.

సిరీస్‌లో ముందు తేడాలు చూడు. సంఖ్యలు మెల్లగా పెరుగుతుంటే తేడాల్లోనే కిటుకు ఉంటుంది. ఉన్నట్టుండి దూకుతుంటే గుణకారం. 7, 8, 18, 57, 232 చూడు: ఒకటితో గుణించి ఒకటి కలిపారు, రెండుతో గుణించి రెండు, అలా. తర్వాతది 1165. నలభై సెకన్లలో దారి దొరక్కపోతే వదిలెయ్.

లాభనష్టాలు, కాలం-పని, పడవలు-ప్రవాహాలు మొదటి వారంలోనే మొదలెట్టి తల బద్దలు కొట్టుకోకు. ముందు సింప్లిఫికేషన్, సిరీస్, వర్గ సమీకరణాలు. చేయి తిరిగినవాళ్ళకి లెక్కల్లో తొందరగా మార్కులు వచ్చేవి అక్కడే. ఆ తర్వాత శాతాలు, నిష్పత్తులు. ఈ రెండూ వస్తే మిగతా చాప్టర్లు సగం వచ్చినట్టే. డేటా ఇంటర్‌ప్రిటేషన్ అంటే భయపడతారు గానీ అది శాతాల లెక్కే, పట్టిక వేషంలో ఉంటుంది.

రీజనింగ్‌లో ఎక్కువ ప్రశ్నలు పజిళ్ళు, కూర్చునే వరసలే తినేస్తాయి. తెలుగు మీడియం పిల్లలు బోల్తా పడే చోటు ఒకటుంది. ‘పి ఈజ్ థర్డ్ టు ది రైట్ ఆఫ్ క్యూ’ అన్నారంటే కాగితం మీద ముందు పెట్టాల్సింది క్యూని. క్యూ కుడిచేతి వైపు మూడో స్థానం పి. ఇంగ్లీషు వాక్యంలో పి ముందొచ్చింది కదా అని పిని ముందు పెట్టి, దాని కుడివైపు లెక్కేస్తారు. బొమ్మంతా తలకిందులవుతుంది, ఒక్క తప్పుకి ఐదు ప్రశ్నలూ పోతాయి. గుండ్రటి బల్ల చుట్టూ లోపలికి చూస్తూ కూర్చుంటే కుడివైపు అంటే గడియారం ముల్లుకి ఎదురు దిశ. బయటికి చూస్తుంటే ముల్లు తిరిగే దిశ.

పజిల్ ఇచ్చిన వరసలో చేయకు. చోటు ఖాయంగా చెప్పిన వాక్యం ఎక్కడుందో వెతికి ముందు అది పెట్టు. తర్వాత దానికి తగులుకున్నవి. ‘కాదు, లేదు’ అని చెప్పేవి చివర్న, ఏ బొమ్మ కొట్టేయాలో తేల్చడానికి. రెండు బొమ్మలు పక్కపక్కన వేసుకోవచ్చు. మూడోది వేయాల్సొచ్చిందంటే ఆ పజిల్ నీది కాదు, వదిలెయ్. రెండు నిమిషాలైనా బొమ్మ నిలబడకపోయినా అంతే. ఇచ్చిన వాక్యాల నుంచి ఏది తేలుతుందో చెప్పమనే సిలాజిజంలో ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అని వస్తే జాగ్రత్త. కొన్ని అవుననీ, కొన్ని కాదనీ రెండూ అందులోనే ఉన్నాయి. ఉత్త ‘సమ్’ లాంటిది కాదు.

ఇంగ్లీషుకి రోజూ అరగంట పేపరు చదువు. సంపాదకీయాలతో మొదలెట్టకు, రెండో రోజుకే పేపరు అటకెక్కుతుంది. వ్యాపారం పేజీలో రెండు చిన్న వార్తలు చాలు. మన తెలుగు అలవాటు వల్ల వచ్చే తప్పులు విడిగా రాసుకో: ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ రాదు, ‘డిడ్ నాట్’ తర్వాత ‘వెంట్’ రాదు, ‘వన్ ఆఫ్ ది’ తర్వాత నామవాచకం బహువచనం, క్రియ మాత్రం ఏకవచనం.

జనరల్ అవేర్‌నెస్ మెయిన్స్‌కే. ఆర్బీఐ 1935 ఏప్రిల్ 1న మొదలైంది, 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి, గ్రామీణ బ్యాంకుల్లో కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, వెనకుండి నడిపించే స్పాన్సర్ బ్యాంకుకి 35 శాతం వాటా, డిపాజిట్ బీమా ఐదు లక్షలు. ఇలాంటివి మారవు, లేదా ఎప్పుడో గానీ మారవు. రెపో రేటు (ఆర్బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) లాంటివి మారుతుంటాయి, పరీక్ష ముందు మళ్ళీ చూసుకోవాలి. రాత్రి పావుగంట, అంతకన్నా వద్దు.

మూడో నెల నుంచి మాక్ టెస్టులు. వారానికి రెండు చాలు. గంట రాస్తే రెండు గంటలు తప్పులు చూడాలి. ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీయి: రాలేదు, వచ్చీ తప్పింది, టైము తినేసింది. నెల తిరిగేసరికి మూడో గడి నిండితే నువ్వు వదలడం ఇంకా నేర్చుకోలేదన్నమాట. ఫోన్‌లోనే అన్నీ రాయకు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద, మౌస్‌తో. తెర మీద ప్రశ్న, చేతికింద రఫ్ కాగితం, రెండింటి మధ్యా చూపు తిప్పడమే ఒక పని. వారానికొకసారైనా నెట్ సెంటర్‌లో కూర్చో. రఫ్ కాగితం నాలుగు మడతలు పెట్టి, ప్రశ్న నంబరు వేసి చెయ్. చిందరవందరగా రాస్తే మన అంకెలే మనకి తెలియవు, 1 కాస్తా 7 అవుతుంది.

దరఖాస్తు దగ్గర చాలామంది జారిపడతారు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరమై, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించు. కాల్ లెటర్ (హాల్ టికెట్) మీద పేరూ, గుర్తింపు కార్డు మీద పేరూ ఒకటే ఉండాలి. రేషన్ కార్డు చెల్లదు. డిక్లరేషన్ నీ చేత్తో ఇంగ్లీషులో రాయాలి, అన్నీ పెద్దక్షరాలైతే ఒప్పుకోరు. సంతకం కూడా పెద్దక్షరాల్లో వద్దు. ఎడమచేతి బొటనవేలి ముద్ర సిరా ముద్దలా అంటుకోకుండా, గీతలు కనపడేలా వేయి. బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకు. అది రాష్ట్రానిది. బ్యాంకుకి కావాల్సింది కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పేది. ముందు మన కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసి, ఉంటే సచివాలయంలో అర్జీ పెట్టు. తేదీ ఎప్పటిది ఉండాలో నోటిఫికేషన్లో రాస్తారు. చివరి వారం దాకా ఆగితే తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడంతోనే చదువు పోతుంది.

సెంటర్ శ్రీకాకుళం పడి రైల్లో వెళ్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అంటే ఆమదాలవలస అని గుర్తుంచుకో. అక్కణ్ణించి ఊళ్ళోకి, ఊళ్ళోంచి కాలేజీకి మళ్ళీ ప్రయాణం. ఇంజినీరింగ్ కాలేజీలు ఊరిబయటే ఉంటాయి. గేటు మూసేస్తే ఎంత బతిమాలినా తియ్యరు. అక్టోబరు, నవంబరుల్లో పరీక్ష పడితే తుఫాను కబురు విన్నవెంటనే ముందురోజే బయల్దేరు. విజయనగరం పడితే మా ఇంట్లోనే దిగు.

ఫోటో దిగినప్పుడు పది కాపీలు తీయించు. ఫారంలో ఎక్కించిన ఫోటోయే కాల్ లెటర్ మీద అంటించాలి. సిరిమానోత్సవానికి వస్తావు కదా, ఆ మూడు గడుల నోటు పుస్తకం సంచిలో వేసుకురా. మూడో గడి ఎంత నిండిందో చూస్తాను.

మీ మావయ్య